అలాస్కాలో బ్రౌన్ బేర్లను చూడటం, ఫొటో తీయడం ఎలా? వాటి తిండికి మనం అడ్డం రాకుండా

జలపాతం అంచున నిలబడి నోరు తెరిచిన ఎలుగుబంటి, దాని మూతికి జానెడు దూరంలో గాల్లో ఉన్న సాల్మన్ చేప. ఈ ఫొటో మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. ఇలాంటివి చాలావరకు ఒకే చోట తీసినవి. అలాస్కాలోని కాట్మై నేషనల్ పార్కులో బ్రూక్స్ జలపాతం దగ్గర. అమెరికాలో ఉన్న మనవాళ్లు వేసవి ప్రయాణాలు ఆలోచించుకునే రోజుల్లో నన్ను ఇంచుమించు ఇవే అడుగుతారు: ఎప్పుడు వెళ్లాలి, ఎంత దగ్గరికి వెళ్లొచ్చు, ఏ లెన్సు కావాలి, పిల్లల్నీ ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్నీ తీసుకెళ్లొచ్చా. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాస్తున్నాను.

పద్ధతి అంతా ఒక్క మాట మీద నిలబడి ఉంటుంది. ఎలుగు చేస్తున్న పని మిమ్మల్ని చూసి ఆపిందంటే, మీరు ఉండాల్సిన దానికంటే దగ్గరగా ఉన్నారు. చలికాలమంతా అది ఏమీ తినదు. గుహలోంచి బయటికి వచ్చేసరికి ఒంటి బరువులో దాదాపు మూడోవంతు పోయి ఉంటుంది. ఏడాదికి సరిపడా కొవ్వు ఈ కొద్ది నెలల్లోనే పెట్టుకోవాలి. మనవల్ల అది చేపల చోటు వదిలి వెళ్తే పోయేది దాని భోజనం. మనకు పోయేది ఒక ఫొటో.

ముందు తెలియాల్సినది

బ్రౌన్ బేర్, గ్రిజ్లీ ఒకటే జాతి. సముద్ర తీరానికి దగ్గరగా ఉండి సాల్మన్ తినేవి బాగా పెరుగుతాయి. మగవి శరదృతువు నాటికి 450 కిలోలు దాటుతాయి. చేప పుష్కలంగా దొరికే చోట అవి ఒకదాన్నొకటి సహిస్తాయి, మనుషుల్నీ కొంత సహిస్తాయి. లోతట్టు కొండల్లో తిండి తక్కువ, కాబట్టి అక్కడివి ఎడం ఎక్కువ కోరతాయి. అందుకే పార్కును బట్టి దూరం మారుతుంది: కాట్మైలో 50 గజాలు, యెల్లోస్టోన్‌లో 100, డెనాలీలో 300. ఒకచోట చెల్లిన దూరం ఇంకోచోట చెల్లదు. 2012 ఆగస్టులో డెనాలీలో ఒంటరిగా నడుస్తున్న ఒక యాత్రికుడు గ్రిజ్లీని దాదాపు 8 నిమిషాల పాటు ఫొటోలు తీస్తూ ఉండిపోయాడు. ఆ ఎలుగు చేతిలోనే చనిపోయాడు. ఆ సంగతి అతని కెమెరాలో దొరికిన ఫొటోల వల్లే తెలిసింది.

మన ఉద్దానం జీడితోటల్లోనో, నల్లమలలోనో తిరిగే ఎలుగుబంటి వేరే జాతి. చెదపురుగులు, తేనె, పండ్లు దాని తిండి. ఎదురుపడగానే మీదపడే స్వభావం దానికి ఎక్కువ. దాని గురించి ఊళ్లో విన్న జాగ్రత్తల్ని ఇక్కడ వాడకండి. అలాగే టెడ్డీబేర్ అనుకుని ధైర్యం తెచ్చుకోకండి. బ్రౌన్ బేర్ గంటకు 50 కిలోమీటర్లకు పైగా పరుగెత్తగలదు.

ఏమేం కావాలి

- జలపాతం దగ్గరున్న బ్రూక్స్ క్యాంప్‌లో బస, లేదా ఒకరోజు ఫ్లోట్‌ప్లేన్ (నీటి మీద దిగే చిన్న విమానం) టికెట్. అక్కడికి రోడ్డు లేదు.
- 100-400 లేదా 200-600 జూమ్ లెన్సు ఒకటి. రెండోదిగా 24-70 లాంటిది, లేకపోతే ఫోన్ చాలు.
- 8×42 బైనాక్యులర్. మీరు ఫొటో తీస్తున్నంతసేపూ ఇంట్లోవాళ్లకు చూడటానికి ఏదో ఒకటి ఉండాలి.
- వాన ఆగేంత మంచి జాకెట్, ప్యాంటు. కెమెరాకు వాన తొడుగు. జులైలోనూ చలి, జల్లు మామూలే.
- ముఖానికి దోమల వల. అక్కడి చిన్న నల్ల ఈగలు కుడితే వారం పాటు దురద.
- మెత్తటి సంచులు. ఫ్లోట్‌ప్లేన్‌లో బరువు లెక్కకడతారు, గట్టి సూట్‌కేసులు పట్టవు.
- విడి బ్యాటరీలు, కార్డులు. ఇవి లోపలి జేబులో పెట్టుకోండి.
- చేతిలో ఖాళీ రోజులు. దీని గురించి కింద చెబుతాను.

ట్రైపాడ్ గురించి తరచుగా అడుగుతారు. ఎలుగుల్ని చూడటానికి కట్టిన ప్లాట్‌ఫారం మీద చోటు తక్కువ, ట్రైపాడ్ కాళ్లు నలుగురి చోటు తింటాయి. కంచె మీద లెన్సు ఆనిస్తే సరిపోతుంది. తప్పదనుకుంటే ఎక్కడ పెట్టొచ్చో రేంజర్‌ని అడగండి.

1. నెల ఎంచుకోండి

జలపాతం దగ్గర చేప ఎగిరే దృశ్యం కావాలంటే జూన్ చివరి నుంచి జులై చివరి వరకు. సాకై సాల్మన్ నదిలోకి ఎక్కేది అప్పుడే. ఆగస్టులో సెలవులు దొరికాయని వెళ్లి ఖాళీ జలపాతం చూసి వచ్చేవాళ్లు ప్రతి ఏడూ ఉంటారు. ఆ నెలలో ఎలుగులు చాలావరకు ఇతర వాగులకు వెళ్లిపోతాయి. సెప్టెంబరులో తిరిగి వస్తాయి, గుడ్లు పెట్టి చనిపోతున్న సాల్మన్‌ను తినడానికి. అప్పుడు అవి జలపాతం కంటే నది దిగువన ఎక్కువ కనబడతాయి. ఒళ్లంతా కొవ్వు పట్టి, వెంట్రుక నిండుగా ఉంటుంది. బాగా బలిసిన ఎలుగుకు జనం ఆన్‌లైన్‌లో ఓట్లు వేసే ఫ్యాట్ బేర్ వీక్ పోటీలో కనిపించే అందం అదే. నా మట్టుకు ఎలుగు ఫొటోకి సెప్టెంబరే మేలు: జనం తక్కువ, వెలుగు వాలుగా పడుతుంది, గడ్డి రంగు తిరుగుతుంది. అయితే నెల మధ్యలో లాడ్జి మూసేస్తారు, ఆలోపే వెళ్లాలి.

2. చోటు ఎంచుకోండి

బ్రూక్స్ క్యాంప్‌లో మూడు ప్లాట్‌ఫారాలు, ఎత్తైన వంతెన, రేంజర్లు ఉంటారు. కుటుంబంతో మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను ఇదే చెబుతాను. క్యాంప్‌గ్రౌండ్ చుట్టూ కరెంటు కంచె ఉంది. దాని బుకింగ్ జనవరి మొదట్లో తెరుస్తారు, జులై తేదీలు నిమిషాల్లో అయిపోతాయి. లాడ్జి గదులకు లాటరీ, అదీ చాలా ముందుగా. రెండూ దొరక్కపోతే యాంకరేజ్, హోమర్, కింగ్ సాల్మన్ నుంచి ఒకరోజు ట్రిప్పులు నడుస్తాయి. ఖర్చు ఎక్కువే.

మక్‌నీల్ నది దారి వేరు. అది రాష్ట్ర ప్రభుత్వం నడిపే అభయారణ్యం. లాటరీలో పర్మిట్ వచ్చినవాళ్లను మాత్రమే, రోజుకు 10 మందికి మించకుండా, గైడ్ వెంట తీసుకెళ్తారు. దరఖాస్తు మార్చి 1 లోపు పెట్టాలి. అక్కడ ఎలుగులు మనుషులకు చాలా దగ్గరగా వచ్చి చేపలు పడతాయి. పర్మిట్ పద్ధతి 1970లలో మొదలైన నాటి నుంచి అక్కడ ఎలుగు వల్ల ఏ సందర్శకుడికీ గాయం కాలేదు. కారణం ఒకటే: మనుషులు రోజూ ఒకే దారిలో, ఒకే చోట, ఒకే తీరుగా ఉంటారు, ఎవ్వరి దగ్గరా వాటికి తిండి దొరకదు. బురదలో చాలాదూరం నడవాలి, కాబట్టి చిన్నపిల్లలతో, పెద్దవాళ్లతో అయ్యే పని కాదు.

లేక్ క్లార్క్ పార్కులోని చినిట్నా బే, సిల్వర్ సాల్మన్ క్రీక్ దగ్గర గైడ్లు దొరుకుతారు. బుక్ చేసే ముందు గైడ్‌ని ఈ ప్రశ్న అడగండి: "ఎలుగు పక్కకు జరిగిపోతే మనం వెంట వెళ్తామా?" వెళ్తామని ఉత్సాహంగా చెప్పేవాడిని వదిలేయండి.

3. తేదీల్లో ఊపిరి తీసుకునే వీలు ఉంచండి

పొగమంచు దిగితే ఫ్లోట్‌ప్లేన్ ఎగరదు. తీరం మీద ఎలుగు పడుకుంటే, అది లేచేదాకా విమానం ఎక్కడం కుదరదు. వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు కూడా ఆలస్యాలు జరుగుతాయి. యాంకరేజ్ నుంచి ఇంటికి విమానం అదే రాత్రికి పెట్టుకోకండి. ముందొక రోజు, వెనకొక రోజు ఖాళీ పెట్టుకోండి.

4. ఇంట్లోనే సాధన చేయండి

బ్రూక్స్ జలపాతం దగ్గర 2012 నుంచి ఎక్స్‌ప్లోర్ సంస్థ బేర్‌క్యామ్‌లు ఉన్నాయి. వేసవిలో ఇంటర్నెట్‌లో ప్రత్యక్షంగా, ఉచితంగా చూడొచ్చు. అక్కడ ఉదయం 7 అంటే హైదరాబాద్‌లో రాత్రి 8:30. వెళ్లే ముందు కొన్ని సాయంత్రాలు దీనికి పెట్టండి. ఏ ఎలుగు ఎక్కడ నిలబడుతుంది, పెద్ద మగది రాగానే ఎవరు పక్కకు తప్పుకుంటారు, చేప పట్టాక అది ఏ ఒడ్డుకు పోతుంది, ఇవి తెలిస్తే అక్కడ మీ చేతికి ఆలోచన అక్కర్లేదు. జలపాతం కింద సుడి తిరిగే గుంటను చూసేవాళ్లంతా జకూజీ అంటారు, ఆ చోటు బలమైనవాటిది. అంచు మీద నిలబడి గాల్లో చేపను అందుకునేవి వేరు. ఈ పనికి లెన్సు కంటే ఇది ఎక్కువ ఉపయోగపడుతుందని నా నమ్మకం.

5. తిండి విషయం

మనవాళ్లకు ఇది ప్రత్యేకంగా చెప్పాలి. ప్రయాణమంటే పులిహోర పొట్లం, జంతికల డబ్బా, బ్యాగు మూలన ఆవకాయ సీసా ఉండాల్సిందే. వాటన్నిటినీ తీసుకెళ్లొచ్చు, కానీ విమానం దిగగానే తిండి అంతా దాని కోసం కట్టిన గదిలో పెట్టేయాలి. తినడం భవనాల్లోనో, గుర్తించిన చోట్లలోనో మాత్రమే. ప్లాట్‌ఫారాలకు వెళ్లే దారిలో మంచినీళ్లు తప్ప ఏదీ వద్దు: జ్యూసు, టీ, చాక్లెట్, చూయింగ్ గమ్ ఏదీ. పిల్లల జేబులు మీరే తడిమి చూడండి. కెమెరా బ్యాగు పక్క అరలో ఎప్పటిదో బిస్కట్ పొట్లం ఉంటుంది, దాన్నీ తీయండి. టూత్‌పేస్టు, సన్‌స్క్రీన్ వాసనా తిండి వాసన కిందే లెక్క.

మనిషి బ్యాగులో తిండి ఉంటుందని ఒక్కసారి తెలుసుకున్న ఎలుగు ఆ పాఠం మరిచిపోదు. ఆ తర్వాత అది మనుషుల వెంట పడుతుంది, చివరికి దాన్ని కాల్చేయాల్సి రావచ్చు. ఒక జంతికల పొట్లం ఖరీదు అంత ఉంటుంది.

6. దిగగానే రేంజర్ చెప్పేది వినండి

బ్రూక్స్ క్యాంప్‌లో దిగిన ప్రతి ఒక్కరూ ముందు విజిటర్ సెంటర్‌లో ఎలుగు జాగ్రత్తల పాఠం వినాలి, ఇది తప్పనిసరి. పూర్తయ్యాక చిన్న పిన్ను ఇస్తారు. అమ్మానాన్నలకు ఇంగ్లీషు యాస అర్థం కాకపోతే పక్కన కూర్చుని తెలుగులో చెప్పండి. కనీసం ఈ నాలుగు అర్థం కావాలి: పరుగెత్తకూడదు, విడిపోకూడదు, తిండి దగ్గర ఉండకూడదు, 50 గజాలు.

7. దారిలో నడిచేటప్పుడు

జలపాతం దగ్గరికి దాదాపు 2 కిలోమీటర్ల నడక, దారి ఎక్కువగా చదునే. నదిని దాటడానికి 2019లో కట్టిన ఎత్తైన వంతెన ఉంది. అడవి దారిలో మాట్లాడుకుంటూ నడవండి, మలుపుల దగ్గర చప్పట్లు కొట్టండి. ఇయర్‌ఫోన్లు తీసేయండి. పిల్లల చేయి వదలకండి.

ఎలుగు ఎదురైతే ఆగండి. అందరూ దగ్గరగా చేరండి. మామూలు గొంతుతో మాట్లాడండి, దానికి మీరు మనిషని తెలియాలి. అది వస్తున్న దారి వదిలి మెల్లగా పక్కకో వెనక్కో జరగండి. దారి మనం వేసుకున్నదే అయినా అది వస్తుంటే దానిదే. ఆ సమయంలో కెమెరా దించండి. లెన్సులోంచి చూస్తుంటే దూరం తెలియదు, రెండో ఎలుగు అసలు కనబడదు.

బేర్ స్ప్రే (ఎలుగు మీదికొస్తే కొట్టే మిరపఘాటు స్ప్రే) గురించి: మామూలు విమానాల్లో చేతి సామానులోనూ, కింద వేసే సామానులోనూ అనుమతి లేదు. అలాస్కాలో కొనుక్కుని, ఫ్లోట్‌ప్లేన్ ఎక్కే ముందు పైలట్‌కు చెప్పి అప్పగించాలి. దాన్ని ఒంటికి, గుడారానికి పూసుకునే మందు అనుకునేవాళ్లున్నారు, అది పెద్ద పొరపాటు. మీదికొస్తున్న ఎలుగు 9-10 మీటర్ల దూరంలోకి వచ్చినప్పుడు దాని ముఖం ముందు, కాస్త కిందికి కొట్టేది. గాలి మీవైపు ఉంటే మీ కళ్లే మండుతాయి.

నిజంగా మీదికి దూసుకొస్తే నిలబడండి. చాలాసార్లు అది బెదిరింపే, మధ్యలో ఆగి వెళ్లిపోతుంది. తాకిందంటే బోర్లా పడుకుని, రెండు చేతులతో మెడ వెనక కప్పుకుని, కాళ్లు ఎడంగా పెట్టి కదలకుండా ఉండండి. వీపు మీద బ్యాగు ఉంటే తీయొద్దు. అది వదలకుండా దాడి చేస్తూనే ఉంటే అప్పుడు ఎదురు తిరగాలి.

8. 50 గజాలను కొలవడం

దూరం అంచనాలో అందరూ తప్పుతారు. పెద్ద జంతువు ఎప్పుడూ ఉన్నదానికంటే దగ్గరగానో, ఇష్టం కొద్దీ దూరంగానో అనిపిస్తుంది. మూడు కొలతలు వాడండి.

ఒకటి, క్రికెట్ పిచ్ 22 గజాలు. రెండు పిచ్‌లు వరుసగా పరిచి ఇంకో 6 గజాలు కలిపితే 50. ఇది మనకు కళ్లు మూసుకున్నా తెలిసే కొలత.

రెండు, చేయి చాచి బొటనవేలు నిలువుగా పెట్టి ఒక కన్ను మూయండి. పక్కకు తిరిగి ఉన్న ఎలుగు మొత్తం వేలి వెనక దాగాలి. అటూ ఇటూ బయటికి కనిపిస్తోందంటే వెనక్కి జరగండి.

మూడు, కెమెరాయే చెబుతుంది. ఎలుగు పొడవు దాదాపు 2 మీటర్లు అనుకుంటే, ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో 400 ఎంఎం దగ్గర, 50 గజాల్లో పక్కకు నిలబడిన ఎలుగు ఫ్రేము వెడల్పులో సగం ఆక్రమిస్తుంది. 600 ఎంఎం దగ్గర ముప్పావు. చిన్న సెన్సార్ కెమెరాలో 400 దగ్గరే ముప్పావు అవుతుంది. అంతకంటే నిండిపోతుంటే మీరు 50 గజాల కంటే దగ్గరగా ఉన్నట్టు. అంటే ఫ్రేము నిండా ఎలుగు రావడానికి హద్దు దాటక్కర్లేదు.

ప్లాట్‌ఫారం మీద ఈ లెక్క వర్తించదు. అక్కడ ఎలుగు మీ కాళ్ల కింద నుంచే వెళ్లొచ్చు, కదలకుండా ఉంటే చాలు. ఎలుగుల కోసం ఆ ఎడం కట్టిపెట్టింది ప్లాట్‌ఫారమే. అందుకే దాన్ని దాటి జలపాతం దగ్గర నదిలోకి దిగడం నేరం. 2018లో ముగ్గురు అలా జలపాతం కింద నీళ్లలోకి దిగారు. బేర్‌క్యామ్ చూస్తున్నవాళ్లే ఆ సంగతి పార్కుకు చేరవేశారు. కేసు కోర్టుకు వెళ్లి శిక్షలు పడ్డాయి.

9. ఎలుగు ఒంటి భాష చూడండి

తల దించుకుని తింటోంది, చేపల కోసం నీళ్లలోకి చూస్తోంది, పడుకుంది: అంతా బాగుంది. తినడం ఆపి తలెత్తి మీవైపే చూస్తోంది: కదలకండి. పదేపదే చూస్తోంది, ఆవులిస్తోంది, నోటి నుంచి చొంగ కారుతోంది: ఆవులింత నిద్రది కాదు, ఇబ్బందిది. బుసకొడుతోంది, పళ్లు టకటక కొడుతోంది, చెవులు వెనక్కి వాలాయి: ఇప్పుడే మెల్లగా వెనక్కి వెళ్లాలి. రెండు కాళ్ల మీద లేచి నిలబడితే చాలామంది దాడి అనుకుని పరుగెత్తుతారు. అది ఎక్కువగా వాసన పట్టి, మీరెవరో తెలుసుకోవడానికి లేస్తుంది. పరుగే ప్రమాదం.

తల్లి, పిల్లల విషయంలో ఒకటి గుర్తుంచుకోండి. పెద్ద మగ ఎలుగులు పిల్లల్ని చంపుతాయి. 2024 జులైలో గ్రేజర్ అని పిలిచే 128వ నంబరు తల్లి పిల్లలు జలపాతం మీద నుంచి కొట్టుకుపోయినప్పుడు చంక్ అనే పెద్ద మగది దాడి చేసింది, ఒక పిల్ల చనిపోయింది. ఇలాంటి భయం వల్ల కొన్ని తల్లులు మగవి రాని చోటు కోసం మనుషులున్న వైపు వస్తాయి. అది మీ మీద ప్రేమ కాదు, దిక్కులేక చేసే పని. తల్లి మీకు దగ్గరగా పిల్లల్ని కూర్చోబెట్టి చేపకు వెళ్లిందంటే ఇంకా నిశ్శబ్దంగా ఉండాలి. తల్లికీ పిల్లలకూ మధ్యకు మాత్రం ఎప్పుడూ పోకండి.

10. ప్లాట్‌ఫారం మీద

జలపాతం ప్లాట్‌ఫారం మీదికి ఒకసారికి 40 మందినే పంపుతారు. జులైలో పేరు రాయించి, వంతు వచ్చేదాకా కాస్త దిగువన ఉన్న రిఫుల్స్ ప్లాట్‌ఫారం మీద ఉండొచ్చు. రద్దీగా ఉంటే గంట గడువు, తర్వాత దిగి మళ్లీ పేరు ఇవ్వొచ్చు. ఎదురుచూసే చోటును చిన్నచూపు చూడకండి. చిన్న వయసు ఎలుగులు, తల్లులు, పెద్దవాటికి చోటు వదిలి అక్కడికే వస్తాయి.

గుసగుసగా మాట్లాడండి. వీడియోకాల్ పెట్టి ఊళ్లో ఉన్న బంధువులందరికీ గట్టిగా వ్యాఖ్యానం చెప్పడం మానండి. ముందు వరుసలో ఉంటే అప్పుడప్పుడు వెనక ఉన్న పిల్లలకు చోటివ్వండి. ఫ్లాష్ వద్దు. డ్రోన్ అమెరికా నేషనల్ పార్కులన్నిటిలోనూ నిషేధం.

పగటి విమానాలు వెళ్లిపోయాక సాయంత్రం జనం పలచబడతారు, జులైలో వెలుగు రాత్రి దాకా ఉంటుంది. అక్కడే బస దొరికినవాళ్లకు అసలు లాభం ఇదే. వేసవి నడిమధ్యలో రాత్రి 10 నుంచి ఉదయం 7 వరకు జలపాతం దారి మూసేస్తారు. ఆ గంటలు ఎలుగులవి.

11. కెమెరా

చేప ఎగిరే క్షణానికి: షట్టర్ 1/2000, అపర్చర్ ఎఫ్/8 చుట్టూ, ఐఎస్ఓ ఆటోలో 3200 దాకా వదిలేయండి. చేపను వెంబడించకండి, దొరకదు. అంచున నిలబడిన ఎలుగు తల మీద ఫోకస్ కట్టేసి, దాని మూతి ముందు ఫ్రేములో ఖాళీ వదిలి ఉంచండి. ఎలుగు మెడ కదలగానే బర్స్ట్ (వరుసగా చాలా ఫొటోలు) వేయండి, చేప కనబడ్డాక నొక్కితే ఆలస్యమైపోతుంది. కంటి ఫోకస్ నీటి తుంపరలకు మోసపోతుంటే మధ్యలోని ఒకే పాయింటుకు మారండి.

తెల్లటి నురుగు, తడిసిన నల్లటి వెంట్రుక ఒకే ఫ్రేములో ఉండటమే ఇక్కడి చిక్కు. నురుగు మీద వివరం పోతుంటే ఎక్స్‌పోజర్ 0.3 నుంచి 0.7 వరకు తగ్గించి, రా ఫైలుగా తీయండి. మబ్బు పట్టిన రోజు దిగులు పడకండి, ఈ పనికి అదే మంచి వెలుగు.

ఎలుగు బొమ్మలా నిలబడినప్పుడు లెన్సు కంచెకు ఆనించి 1/15 దగ్గర కొన్ని తీయండి. నీళ్లు పట్టులా జారుతాయి, ఎలుగు స్పష్టంగా ఉంటుంది. పది తీస్తే ఒకటి నిలుస్తుంది.

ఫోనే ఉన్నవాళ్లు జూమ్ చేయకండి. జలపాతం అంతా, దాని మీద వరుసగా అరడజను ఎలుగులు, వెనక అడవి వచ్చేలా తీయండి. ముఖం నిండా తీసిన ఫొటో ఏ జూలోనైనా వస్తుంది. ఈ వెడల్పు ఫొటో ఇక్కడ తప్ప రాదు.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

ఎలుగు దృష్టి తిప్పడానికి ఈల వేయడం, నాలుకతో చప్పుడు చేయడం. ఒకరు అడుగు ముందుకేస్తే గుంపంతా జరగడం. ఇలా ఎవరూ గమనించకుండానే 50 గజాలు 30 అవుతాయి. ఎలుగు నడుస్తుంటే పక్కనే సమాంతరంగా నడవడం, దానికది వెంటాడటంలాగే ఉంటుంది. చేపలు పట్టడానికి నదిలోకి దిగినవాళ్లు, ఎలుగు వస్తున్నా గాలానికి పడ్డ చేపను లాగాలని చూడటం. అలాంటప్పుడు తీగ తెంపేసి బయటికి రావాలి. బ్యాగు నేల మీద వదిలేసి నాలుగడుగులు వెళ్లడం కూడా మామూలే. కుర్ర ఎలుగు దాన్ని కొరికి చూడకుండా పోదు.

ఇంకొకటి, సెల్ఫీ. ఎలుగుకు వీపు చూపించి నిలబడే ఫొటో ఏదీ మంచిది కాదు, ప్లాట్‌ఫారం మీద తప్ప.

సరిగ్గా చేశారో లేదో చూసుకోవడం

ఆ రాత్రి ఫొటోలు వరుసగా తిప్పి చూడండి. ఎక్కువ ఫొటోల్లో ఎలుగు చేపను, నీటిని, మరో ఎలుగును చూస్తోందా? మంచిదే. వరుసగా చాలా ఫొటోల్లో నేరుగా లెన్సులోకి చూస్తోందా, చెవులు వెనక్కి ఉన్నాయా? ఫొటో ఎంత బాగున్నా, ఆ సమయంలో మీరు దాన్ని ఇబ్బంది పెట్టారు. ఫైలు వివరాల్లో ఫోకల్ లెంగ్త్ చూసి, పైన చెప్పిన సగం, ముప్పావు లెక్కతో దూరం సరిచూసుకోండి. మరుసటి రోజు ఆ మేరకు వెనక్కి నిలబడండి.

రెండో పరీక్ష: మీరు వచ్చినప్పుడు ఎలుగు ఏం చేస్తోందో, మీరు వెళ్లేటప్పుడు అదే చేస్తోందా?

పదును చూడటానికి వంద శాతం పెద్దది చేసి కన్ను దగ్గర వెంట్రుకలు విడివిడిగా ఉన్నాయో లేదో చూడండి. ముద్దగా ఉంటే షట్టర్ పెంచండి. నురుగు మీద వివరం లేకపోతే ఎక్స్‌పోజర్ ఇంకాస్త దించండి.

పంచుకునేటప్పుడు ఎంత లెన్సుతో, ఎక్కడి నుంచి తీశారో రాయండి: "ప్లాట్‌ఫారం మీద నుంచి, 500 ఎంఎం." లేకపోతే చూసినవాళ్లు దగ్గరికి వెళ్లి తీశారనుకుని అదే ప్రయత్నిస్తారు. బ్రూక్స్ లాంటి కాపలా ఉన్న చోటు పేరు చెప్పడంలో నష్టం లేదు. కాపలా లేని వాగు దగ్గర తల్లీపిల్లలు కనబడితే మాత్రం లొకేషన్ తీసేసి పెట్టండి.

బుకింగ్ దొరకకపోతే

క్యాంప్‌గ్రౌండ్ సైటును మే, జూన్‌లలో రోజూ ఒకసారి చూడండి, రద్దయిన తేదీలు కనబడుతుంటాయి. అదీ కాదంటే అలాస్కా బయట, కారులో వెళ్లగలిగే యెల్లోస్టోన్, గ్రాండ్ టీటన్ పార్కులు ఉన్నాయి, వసంతంలో తెల్లవారుజామున. అక్కడ 100 గజాలు, అంటే నాలుగున్నర పిచ్‌లు. రోడ్డు మధ్యలో కారు ఆపకుండా, పక్కన కట్టిన ఆగే చోట పూర్తిగా లోపలికి పెట్టి, ఎలుగు దగ్గరగా ఉంటే కారులోంచే తీయండి. నెమ్మదిగా నడపండి. టీటన్‌లో ఎందరో ఫొటోలు తీసుకున్న 399వ నంబరు గ్రిజ్లీ 2024 అక్టోబరులో రోడ్డు మీద కారు తగిలి చనిపోయింది.